గీత దాటినవాళ్ళ లెక్క

కలకత్తాలో నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "కంప్యూటర్ పనేగా" అని ఊరుకుంటారు. నిజానికి నేను పొద్దస్తమానం చూసేది ఆట. అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళు ఆడే ఫుట్‌బాల్. పేరుకే ఫుట్‌బాల్, బంతిని చేత్తో విసురుతారు, చంకలో పెట్టుకుని పరిగెడతారు. అక్కడ ముందురోజు ఆడిన ఆటల వీడియోలు మర్నాడు తొమ్మిదింటికల్లా సెక్టార్ ఫైవ్‌లోని మా ఆఫీసు తెరల మీదికి వచ్చేస్తాయి. ఒక్కో ఎత్తు, అంటే బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా, అయిదారు సెకన్లు ఉంటుంది. దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి గడులు నింపాలి. ఇది ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు కావాలి, అడ్డుకునేవాళ్ళు ఎవరెక్కడ నిలబడ్డారు, వాళ్ళలో ఎంతమంది బంతి విసిరేవాడి మీదికి పోయారు. నింపిన కాగితం అక్కడెక్కడో ఒక కోచ్‌కి వెళ్తుంది. ఆయన దాన్ని బట్టి వచ్చే వారం ఎలా ఆడాలో చూసుకుంటాడు. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. బంతి అందుకుని విసిరేవాడు ఒకడుంటాడు, ఆటకు మెదడు వాడే. అడ్డుకునే జట్టులో పదకొండుమంది ఉంటే, మామూలుగా ముందు వరసలో నలుగురే వాడి మీదికి ఉరుకుతారు. మిగిలినవాళ్ళు వెనకుండి బంతి ఎటొస్తుందా అని కాచుకుంటారు. ఆ వెనకవాళ్ళలోంచి కూడా ఒకరో ఇద్దరో తమ చోటు వదిలి ఉరికితే దాన్ని బ్లిట్జ్ అంటారు. అందితే విసిరేవాడు బంతితో సహా నేల మీద ఉంటాడు. అందకపోతే, వాళ్ళు వదిలొచ్చిన చోట మనిషి ఉండడు. దొంగను పట్టుకుందామని ఇంటిల్లిపాదీ వీధి గుమ్మంలోకి పరిగెడితే పెరటి తలుపు ఎలా ఉంటుందో ఆ చోటూ అలాగే ఉంటుంది.

చేరిన కొత్తలో నేను ఒకే తప్పు పదే పదే చేశాను. వెనకవాళ్ళు బంతి పెట్టిన గీత దాకా వచ్చి, వంగి, ఉరికేస్తాం అన్నట్టు నిలబడతారు. బంతి కదలగానే వెనక్కి వెళ్ళిపోతారు. నేను వాళ్ళను కూడా బ్లిట్జ్ కింద రాసేదాన్ని. మా సీనియర్, ఇక్కడి పద్ధతిలో అందరికీ దాదా, అంటే అన్న, నా తెర ముందు నిలబడి, మొహాలు చూడకు, కాళ్ళు చూడు అని చెప్పాడు. గీత దాటినవాళ్ళనే లెక్కపెట్టాలి, దాటేట్టు కనిపించినవాళ్ళను కాదు. తర్వాత వచ్చిన కొత్తవాళ్ళందరికీ ఈ మాట నేనే చెప్పాను. వాళ్ళలో ఒకరిద్దరు, "మరి బెదిరించి వెనక్కి వెళ్ళినవాడి గురించి ఎక్కడ రాయాలి?" అని అడిగేవారు. దానికి గడి లేదని చెప్పేదాన్ని.

నాలుగేళ్ళు ఇదే చూస్తే, ఉరకడం ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు కొంప ముంచుతుందో ఒకరు చెప్పకుండానే తెలిసిపోతుంది. ఎదుటివాళ్ళకు చాలా దూరం కావలసినప్పుడు ఉరకాలి. దూరం విసరాలంటే అందుకునేవాళ్ళు అంత దూరం పరిగెత్తాలి, అంతసేపూ విసిరేవాడు బంతి పట్టుకుని నిలబడాలి. ఆ రెండు మూడు క్షణాలు మనవి. విసిరేవాడు కొత్తవాడైనా, వాడికి కాపు కాసేవాళ్ళు బలహీనంగా ఉన్నా ఉరకొచ్చు. వాళ్ళకు రెండు గజాలు చాలినప్పుడు ఉరకడం శుద్ధ దండగ, మనం చేరేలోపు బంతి చెయ్యి దాటిపోతుంది. చురుకైనవాడైతే మనం ఖాళీ చేసిన చోటికే విసురుతాడు. అన్నిటికంటే ముఖ్యం, మనం వస్తున్న సంగతి వాడికి ముందే తెలియకూడదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. నేను మాత్రం జీవితంలో దేని మీదికీ ఉరికిన మనిషిని కాదు. ఆఫీసు సెలవులు కూడా అవసరానికి ఉంటాయని దాచి దాచి, మార్చి నెలాఖరుకు మురగబెట్టుకునే రకం.

చూసి చూసి, ఒకసారి నేనూ ఆ గీత వెనక నిలబడాలనిపించింది. ఆఫీసులో నా పక్క సీటు బెంగాలీ అమ్మాయి, బాగా పొడుగు, నన్ను ఒక ఆదివారం పొద్దున మైదాన్‌కి తీసుకెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు కొందరు ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడతారు. అదే ఆటకు చిన్న రూపం. జట్టుకు అయిదుగురు, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలకు బదులు మైదానం నడిమి గీత దాటాలి. గుద్దుకోవడాలు, పడెయ్యడాలు ఉండవు. నడుముకు రెండు పక్కలా గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి, బంతి ఉన్న మనిషి పట్టీ లాగితే ఆట అక్కడికి ఆగినట్టు. మా జట్టులో మామూలుగా పొడుగమ్మాయి ఒక్కతే ఉరుకుతుంది. రెండో మనిషి కూడా వెళ్తే అదే మా బ్లిట్జ్. నాకు ముప్ఫై దాటాయి, పరుగు అంతంతమాత్రం, అందుకని అందరికంటే వెనక నిలబెట్టారు. వెనక నుంచి మొత్తం కనబడుతుంది గనక, ఎవరు ఉరకాలో ఎవరు ఆగాలో చెప్పే పని కూడా నా నెత్తిన పడింది.

ఆ రెండో మనిషి ఖిదిర్‌పూర్ అమ్మాయి. పంతొమ్మిదేళ్ళుంటాయి. వాళ్ళ తాత అక్కడి రేవులో పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మొదటి రోజు బంతి చేతిలోంచి జారితే "ఏటిది" అని గొణుక్కుంది. నేను దగ్గరికెళ్ళి, "తెలుగా?" అన్నాను.

"అవునక్కా. నీది ఏ వైపు?"

"ఒంగోలు."

"అదెక్కడుంటాది?" అంది. ఆమెకు తెలిసిన ఆంధ్ర పలాసలో మొదలై శ్రీకాకుళంలో అయిపోతుంది. తెలుగు చదవడం రాదు, అంకెలు బెంగాలీలో లెక్కపెడుతుంది, కోపం వస్తే హిందీలోకి దిగుతుంది. అలాంటి పరుగు మాత్రం నేను తెర మీద చూసినవాళ్ళలో కూడా తక్కువమందికి ఉంది.

జట్టులో తెలుగు మా ఇద్దరికే వచ్చు కాబట్టి సైగలు తెలుగులో పెట్టుకున్నాం. సైగలంటే గుట్టుగా చేసేవి కావు, గొంతు చించుకుని అరిచేవాళ్ళం. "బేగి" అంటే ఉరుకు. "ఒగ్గెయ్" అంటే ఉరికేట్టు రెండడుగులు వేసి వెనక్కి వచ్చెయ్. రెండూ వాళ్ళింటి మాటలే. నా ఒంగోలు నోటికి అవి పట్టుబడడానికి నెల పట్టింది. సాల్ట్ లేక్ జట్టు, బెహాలా జట్టు మా అరుపులు విని తెల్లమొహం వేసేవి. మాకు అదో గర్వం.

ఆమెకు ఆదివారం దొరకడం తేలిక కాదు. వాళ్ళన్న మెటియాబ్రుజ్‌లో చిన్నపిల్లల గౌన్లు కుట్టే గది నడుపుతాడు. ఆదివారం అక్కడ సంత. ఎక్కడెక్కడి నుంచో వ్యాపారులు వచ్చి మూటలు కట్టించుకుపోతారు. ఆ రోజు ఒక మిషన్ ఆగితే గదంతా తడబడుతుంది. అయినా అన్న ఆ ఒక్క చలికాలానికీ ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే, జనవరి చివర్లో రాష్ట్ర జట్టు శిబిరానికి పన్నెండుమందిని ఎంచుతారు, ఆ జాబితాలో పేరుంటే ఆడుకోవచ్చు. లేకపోతే ఆ వచ్చే ఆదివారం నుంచి మిషన్ మీద కూర్చోవాలి, మళ్ళీ ఆట మాట ఎత్తకూడదు. ఇది ఆమె నాకు నిమ్మకాయ టీ తాగుతూ చెప్పింది.

"నా పేరు వచ్చీద్దక్కా," అంది. నాకూ అందులో అనుమానం లేదు.

ఎంపిక మ్యాచ్ మాకు ఖరగ్‌పూర్ జట్టుతో పడింది. మంచు ఇంకా విడలేదు. సున్నంతో గీసిన గీతలు తడి గడ్డి మీద సగం కనపడుతున్నాయి, సగం లేవు. ఎంపిక చేసే దాదా మంకీ టోపీ పెట్టుకుని, చేతిలో అట్ట, అట్టకు కాగితం పెట్టుకుని పక్కగీత దగ్గర నిలబడ్డాడు. దాటిపోతూ ఆ కాగితం వంక చూశాను. ఒక్కొక్కరికి ఒక వరస. లాగిన పట్టీలు, పట్టుకున్న బంతులు, చేత్తో కొట్టి పడేసిన బంతులు. చూడగానే సొంతింటికి వచ్చినట్టు అనిపించింది.

మొదటి సగంలో నేను మూడుసార్లు "బేగి" అని అరిచాను. మూడుసార్లూ ఖిదిర్‌పూర్ అమ్మాయి బాణంలా వెళ్ళింది. మూడుసార్లూ వాళ్ళ విసిరే అమ్మాయి, బొద్దుగా, జడ గట్టిగా బిగించుకున్న పిల్ల, ఏ తొందరా లేకుండా మా అమ్మాయి ఖాళీ చేసిన చోటికి బంతి వేసేసింది. "ఒగ్గెయ్" అన్నప్పుడు మాత్రం నిమ్మళంగా నిలబడి దూరం విసిరేది. వాళ్ళు రెండుసార్లు చివరి గీత దాటారు. మావాళ్ళు పోరాడి రెండుసార్లు దాటారు గనక సరిపోయింది, దాటాక ఇచ్చే అదనపు ప్రయత్నం వల్ల ఒక పాయింటు మాదే ఎక్కువ. నేను ఆ అమ్మాయిని మెచ్చుకుంటూ నిలబడ్డాను. ఆట ఎంత బాగా చదువుతోంది అనుకున్నాను.

విరామంలో ఆ అమ్మాయి మా వైపుకొచ్చి, నీళ్ళ డబ్బా పక్కన నిలబడి ఫోను మాట్లాడింది. "గెలిసేత్తామే అమ్మా. మద్దేనానికి వచ్చీస్తాను, చేపలు ఉంచు," అంది.

ఖిదిర్‌పూర్ అమ్మాయి నా వైపు చూసి గడ్డి మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాకు నవ్వు రాలేదు. ఒంగోలు వెళ్ళిన ప్రతిసారీ నా రైలు ఖరగ్‌పూర్‌లో ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద తెలుగు వినపడితే సగం ఇల్లు చేరినట్టు సంబరపడేదాన్ని. రైల్వే ఊరు, తరాల తరబడి తెలుగు కుటుంబాలున్న ఊరు. ఆ ఊరి జట్టు ఎదురుగా నిలబడి, కలకత్తాలో తెలుగు ఎవరికొస్తుందిలే అని, మా ఎత్తులన్నీ తెలుగులోనే అరిచి చెప్పాం.

అయితే ఇందులో మాకొక లాభం ఉంది. మాకు తెలిసిపోయిందని ఆ అమ్మాయికి తెలియదు. ఒక్కసారికి ఆమెను బోల్తా కొట్టించవచ్చు. "ఒగ్గెయ్" అని అరిచి మనిషిని పంపితే, తాపీగా నిలబడి ఉన్న ఆమె పట్టీ చేతికొస్తుంది. "బేగి" అని అరిచి మనిషిని ఆపితే, ఆమె తొందరపడి మనిషి ఉన్న చోటికే విసురుతుంది. ఏది చేసినా ఒకసారే. ఆ తర్వాత ఆమె మా మాట నమ్మదు.

"చివరికి ఉంచుదాం," అన్నాను. అంతవరకూ అరుపులు మానేసి, వట్టి చేత్తో చూపించి, ఒక్కరినే పంపుదామన్నాను. ఖిదిర్‌పూర్ అమ్మాయి తలూపింది. అప్పటికి దాదా కాగితంలో ఆమె వరసలో ఒక్క గీత కూడా పడలేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

రెండో సగం మధ్యలో వాళ్ళకు మూడో ప్రయత్నం, ఇంకా పదిహేను గజాలకు పైగా కావాలి. అంటే దూరం విసరాలి, విసిరే అమ్మాయి బంతి పట్టుకుని నిలబడాలి. నాలుగేళ్ళుగా నేను గడులు నింపిన ఆటలన్నిటిలో ఉరకాల్సింది సరిగ్గా ఇలాంటప్పుడే. ఖిదిర్‌పూర్ అమ్మాయి తన చోటు వదిలి నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడెల్లిపోనా అక్కా? దానికి ఇప్పుడు టైం కావాల. నిలబడిపోద్ది."

"వద్దు. ఇప్పుడు వాడేస్తే మళ్ళీ ఉండదు. చివర్లో ఏమవుతుందో."

"సరే అక్కా," అని వెళ్ళిపోయింది.

ఆమె చెప్పినట్టే ఖరగ్‌పూర్ అమ్మాయి బంతి పట్టుకుని చాలాసేపు నిలబడింది. పొడుగమ్మాయికి చిక్కకుండా రెండుసార్లు పక్కకు జరిగింది కూడా. ఖిదిర్‌పూర్ అమ్మాయి ఎవరూ రాని మధ్యచోటును కాపలా కాస్తూ ఆమెనే చూస్తోంది. చివరికి విసిరిన బంతి ఎవరికీ అందకుండా పోయింది. నా నిర్ణయం మంచిదే అయిందని అనుకున్నాను.

ఆట ఆఖరి ఎత్తుకు వచ్చింది. ఒక పాయింటు ఇంకా మాదే ఎక్కువ. వాళ్ళకు నాలుగో ప్రయత్నం, చివరి గీత అయిదు గజాల్లో ఉంది. ఈ ఆటలో అంత దగ్గర బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, విసరాల్సిందే, అదీ చటుక్కున విసురుతారు. ఉరకడం దండగ అనిపించే చోటు ఇది. నేను గొంతెత్తి "బేగి" అని అరిచాను.

ఖిదిర్‌పూర్ అమ్మాయి రెండడుగులు ఎంత ఊపుగా వేసిందంటే నాకే అనుమానం వచ్చింది. ఆగింది. వెనక్కి తిరిగి తన చోటికి వచ్చేసింది. ఖరగ్‌పూర్ అమ్మాయి చూడకుండానే అటు చెయ్యెత్తింది, చూస్తే అక్కడ మనిషి ఉంది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. పొడుగమ్మాయి మీదికి వచ్చేస్తోంది. దిక్కు తోచక బంతిని ఎత్తుగా, ఖిదిర్‌పూర్ అమ్మాయి తల మీంచి విసిరేసింది. అది నేరుగా నా చేతుల్లో పడింది. నేను ఎగరలేదు, పరిగెత్తలేదు, నిలబడ్డ చోటికే వచ్చింది.

గెలిచాం. అందరూ నన్ను ఎత్తుకున్నారు. ఖరగ్‌పూర్ అమ్మాయి వచ్చి ఖిదిర్‌పూర్ అమ్మాయి భుజం మీద చరిచి, "నువ్వొచ్చేస్తన్నావనుకున్నానే," అంది. ఇద్దరూ తమ ఊళ్ళు, తాతల ఊళ్ళు చెప్పుకున్నారు. వాళ్ళ తాతలవి పక్కపక్క ఊళ్ళట.

జాబితా అరగంటలో చదివారు. పన్నెండు పేర్లలో నా పేరుంది. ఖిదిర్‌పూర్ అమ్మాయి పేరు లేదు. నేను మంకీ టోపీ దాదా దగ్గరికెళ్ళి, ఆ బంతి నాకు ఆమె వల్లే దొరికిందని చెప్పాను. ఆమె ఎక్కడ మొదలుపెట్టింది, ఎక్కడ ఆగింది, విసిరే అమ్మాయి చెయ్యి ఎందుకు ఆగిపోయింది, అన్నీ చెప్పాను. ఆయన విసుక్కోలేదు, ఓపిగ్గా విన్నాడు. కాగితం నా వైపు తిప్పి, దీన్ని ఏ గడిలో రాయమంటావు దీదీ అని అడిగాడు. ఆమె వరసంతా ఖాళీగా ఉంది. నేను ఆ గడులను పైనుంచి కిందికి చూశాను. నేను కొత్తవాళ్ళకు చెప్పే జవాబు తప్ప నాకు వేరేది తోచలేదు.

పోనీ నా చోటు ఆమెకివ్వండి అన్నాను. నేను మానుకుంటే పదమూడో పేరు పైకొస్తుందట, ఆ పదమూడో పేరు బెహాలా అమ్మాయిది. అందుకని నేను మానుకోలేదు. ముప్ఫై దాటాక ఒక జాబితాలో పేరు రావడం నాకు సంతోషంగా కూడా ఉంది. అది దాచడం ఎందుకు?

ఖిదిర్‌పూర్ అమ్మాయి నడుము పట్టీ విప్పి, మడిచి, నా సంచిలో పెట్టింది. "నీకు శిబిరంలో కావాల కదా అక్కా. నాది కొత్తది," అంది. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. పదకొండు కాలేదు, సంతకు ఇంకా టైముంది.

రెండు ఆదివారాలు ఆగి నేను మెటియాబ్రుజ్ వెళ్ళాను. ఇంకొక్క చలికాలం ఇమ్మని వాళ్ళన్నను అడగాలని. కాగితం తప్పు, మీ చెల్లెలు తప్పు కాదు అని చెప్పడానికి దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఖిదిర్‌పూర్ నుంచి ఆటో ఎక్కితే సంత రద్దీలో అది నడక కంటే నెమ్మదిగా పోయింది. మేడ మీద చిన్న గది, ఆరు మిషన్లు, నేలంతా గౌన్ల మూటలు. మూల మిషన్ మీద ఆమె ఉంది. నన్ను చూసి నవ్వింది, కాలు మాత్రం ఆపలేదు.

అన్న నాకు స్టూలు వేసి టీ తెప్పించాడు. నాకంటే చిన్నవాడే, మెడలో కొలతల టేపు వేలాడుతోంది. "మా సెల్లి బాగా ఆడీదా మేడమ్?" అని అడిగాడు. ఆడేది కాదు, ఆడుతుంది అన్నాను. అతను కత్తిరింపు బల్ల మీది గుండీల డబ్బా నా ముందుకు జరిపాడు. "ఎలగో సూపించండి."

అయిదు తెల్ల గుండీలు, అయిదు ఎర్ర గుండీలు పేర్చాను. మామూలుగా ఒక్కరే ఎందుకు వెళ్తారో, రెండో మనిషి వెళ్తే ఏ చోటు ఖాళీ అవుతుందో, ఎప్పుడు వెళ్తే పని జరుగుతుందో చెప్పాను. రోజూ గుడ్డ మీద ఏ ముక్క ఎక్కడ పడాలో చూసే మనిషి, ఒక్కసారికే అర్థమైంది. ఆఖరి ఎత్తు చూపించాను. అతను ఒక తెల్ల గుండీని రెండు వేళ్ళు ముందుకు జరిపి, మళ్ళీ వెనక్కి జరిపాడు.

"అయితే ఇది ఆగబట్టే బంతి మీకాడికొచ్చింది."

"అవును."

"మరి కాగితంలో నేదు."

"కాగితంలో దానికి గడి లేదు."

అతను ఆ గుండీని మళ్ళీ ముందుకు, వెనక్కి జరిపి చూశాడు. మనసు మెత్తబడుతోందనుకున్నాను. ఇదే అదను అనుకుని, ఆమె పరుగు ఎలాంటిదో తెలియాలని, ఆ మూడో ప్రయత్నం కూడా చూపించాను. ఖరగ్‌పూర్ అమ్మాయి ఎంతసేపు నిలబడిందో, మీ చెల్లెలు వెళ్ళి ఉంటే పట్టీ తప్పకుండా చేతికొచ్చేదని చెప్పాను.

"అప్పుడు ఎల్లుంటే కాగితంలో రాసీవోరా?"

"రాసేవాళ్ళు. దానికి గడి ఉంది."

"మరి అప్పుడెందుకు పంపనేదు మేడమ్?"

నేను ఎర్ర గుండీలను తిరిగి డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టాను. మూల మిషన్ ఆగింది. ఆమె తలెత్తకుండా, దారం కొరికి తెంపి, వాళ్ళన్నకు చెప్పింది.

"అక్క దాసిందన్నియ్యా. సివరికని."

ఆ మాటలో కోపం లేదు. ఇంకో గౌను తీసుకుని మిషన్ మళ్ళీ తొక్కింది.